కరుణాకర్ ఆడని బ్యాంకాక్ మ్యాచ్

ఈమధ్య ఉద్యోగంలో చేరిన డ్రిల్లు మాస్టార్లు ఇద్దరు ముగ్గురు నన్ను అనుభవాలు రాయమంటున్నారు. ముప్పై మూడేళ్లు నరసాపురంలో ఒకే హైస్కూల్లో పనిచేశాను కాబట్టి చెప్పడానికి చాలా ఉంటాయని వాళ్ల నమ్మకం. ఉన్నాయి. కానీ వాళ్లకు పనికొచ్చేది ఒక్కటే, అది గొప్పగా చెప్పుకునేది కాదు. మిగతావన్నీ రాసి దీన్ని దాచిపెడితే రాసినదంతా అబద్ధమే అవుతుంది. అందుకని దీన్నే రాస్తున్నాను.

అసలు మన పని ఏమిటి

మన ఉద్యోగం అంటే బంతి అనుకుని వస్తారు. బంతి దాకా రావడానికే చాలా కాలం పడుతుంది. ప్రార్థనకు పిల్లల్ని వరసలు నిలబెట్టాలి. లెక్కల మాస్టారు సెలవు పెడితే వెళ్లి ఆ క్లాసులో కూర్చోవాలి. ఎవరైనా అధికారి వస్తున్నాడంటే తోరణాల దగ్గర్నుంచి కుర్చీల దాకా మనమే చూడాలి. పరీక్షలు దగ్గరపడితే మన పీరియడ్లు మిగతావాళ్లు పంచుకుంటారు, మనల్ని మాటవరసకైనా అడగరు. స్టాఫ్ రూములో మనకు మిగిలే కుర్చీకి ఒక కాలు పొట్టిగా ఉంటుంది. ఇది వెటకారం కాదు, నా కుర్చీకి నిజంగానే పొట్టిగా ఉండేది.

మా గ్రౌండు గోదావరి గట్టుకు పల్లంలో ఉండేది. వానాకాలమంతా సగం గ్రౌండు నీళ్లలోనే. మిగిలిన సగంలో వాలీబాల్ వాళ్లు, కబడ్డీ వాళ్లు, సాయంత్రమైతే ఊళ్లోంచి వచ్చే క్రికెట్ వాళ్లు. ఫుట్‌బాల్‌కు దక్కేది బురద. ఆ బురదలో నానిన బంతిని పిల్లలు ఉట్టి కాళ్లతో తన్నేవారు. టీము మొత్తానికి నాలుగు జతల బూట్లుండేవి. కుడి కాలి బూటు ఒకడు, ఎడమ కాలిది ఇంకొకడు వేసుకుని ఆడిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ ఉద్యోగంలో మనం ఎవరికీ కనబడం. పిల్లలు కప్పు గెలిచిన వారం మాత్రం కనబడతాం. ఆ వారం హెడ్మాస్టరు పిలిచి కాఫీ ఇప్పిస్తారు, సైన్సు మాస్టారు కూడా భుజం తడతారు. ఆ మర్యాదకు అలవాటు పడకూడదు. నేను పడ్డాను. నా కథలో చెడంతా అక్కడే మొదలైంది.

శాంతమ్మ గారి అబ్బాయి

కరుణాకర్ వాళ్ల ఇల్లు రేవుకు దగ్గర్లో, చర్చి వెనక సందులో. తండ్రి లేడు. తల్లి శాంతమ్మ లేసు అల్లి కొడుకును పెంచింది. వాడు ఏడో తరగతితో చదువు మానేసి, మేనమామతో పాటు రెండేళ్లు చేపల పడవ మీద తిరిగాడు. శాంతమ్మ ఏడ్చి, బతిమాలి, పాస్టరుగారితో చెప్పించి మళ్లీ బడికి పంపింది. కాబట్టి ఎనిమిదో తరగతిలో చేరేసరికి వాడు తోటి పిల్లలకంటే రెండేళ్లు పెద్ద. ఈ రెండేళ్లే మొత్తం కథ, గుర్తుపెట్టుకోండి.

మొదటిరోజు వాడు బంతి ఆపిన తీరు చూసి నేను విజిల్ ఊదడం మర్చిపోయాను. బురదలో బంతి ఎటు జారుతుందో మిగతావాళ్లకు తెలియదు, వాడికి తెలుసు. ఎడమ కాలు. గీత పక్కనే పరిగెత్తుకుంటూ వెళ్లి, తల ఎత్తి చూసి, గోలు ముందున్న వాడి నుదుటికి తగిలేలా బంతి వేసేవాడు. నేను ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీలో చదువుకున్నవాణ్ణే గానీ, వాడికి నేను నేర్పింది తక్కువ. అరవకుండా ఉండటం, రిఫరీతో వాదించకపోవడం, గెలిచినప్పుడు ఎదుటి వాళ్లకు చెయ్యివ్వడం. అంతే.

"ఒరేయ్ కరుణా, చదువుకుంటూ ఆడతావా, ఆడుతూ చదువుకుంటావా?" అని అడిగాను ఒకసారి.

"ఏదైనా పర్లేదండి మాస్టారూ. పడవ మీదకి మాత్రం పంపకండి," అన్నాడు.

ఆ మాట నాలో ఉండిపోయింది. వీణ్ణి పడవ ఎక్కనివ్వకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. నా ఉద్దేశం మంచిదేనని మీరు నమ్మాలని ఇది రాయడం లేదు. ఉద్దేశం మంచిదైతే ఏం చేసినా చెల్లుతుందనుకునే మనిషి ఎంత నష్టం చేస్తాడో మీకు తెలియాలి.

ఫారం

వాడు పదో తరగతిలో ఉండగా పదహారేళ్లలోపు పిల్లల రాష్ట్ర పోటీలు వచ్చాయి. వాడి వయసు దాటిపోయింది. పోటీకి వెళ్లాలంటే స్కూలు ఒక ఫారం పంపాలి. అందులో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, వాడి సంతకం, డ్రిల్లు మాస్టారి సంతకం, హెడ్మాస్టరు సంతకం, కింద స్కూలు స్టాంపు ఉండాలి. స్కూలు రిజిస్టరుతో సరిచూసేవాడు ఎవడూ లేడు.

వయసు తగ్గించి రాయడం అప్పట్లో ఎంత మామూలో ఇప్పటివాళ్లకు చెప్పాలి. పదహారేళ్లలోపు పోటీలకు తెల్లారే గెడ్డం గీసుకుని వచ్చే ఆటగాళ్లుండేవారు. ఒక టీము కెప్టెన్‌కు పెళ్లి కూడా అయిందని మేం నవ్వుకునేవాళ్లం. నవ్వుకున్న మాస్టార్లమంతా తలా ఒకటో రెండో తప్పుడు ఫారాలు నింపినవాళ్లమే. అందరూ రాస్తున్నప్పుడు నిజం రాస్తే నీ పిల్లలు ఇంట్లో కూర్చుంటారు. ఈ వాదన నాకు అప్పుడు చాలా బలంగా కనబడింది.

ఒకరోజు మధ్యాహ్నం కరుణాకర్‌ను గదిలోకి పిలిచి, వాడి ఎదురుగానే ఫారం నింపాను. సంవత్సరం దగ్గర ఒక్క అంకె మార్చాను. వాడు చూశాడు.

"మాస్టారూ, అది తప్పు కదండి."

"సంతకం పెట్టరా. నేనున్నాగా."

పెట్టాడు. పదిహేడేళ్ల కుర్రాడు మాస్టారి మాట మీద పెట్టాడు. హెడ్మాస్టరు కట్టలో పెట్టిన కాగితాలు చూడకుండా సంతకాలు చేసే మనిషి. స్టాంపు వేయాల్సింది మా గుమాస్తా సత్యంగారు. ఆయన ఫారం చూశారు, వెనకనున్న బీరువా వైపు చూశారు. రిజిస్టరు ఆ బీరువాలోనే ఉంటుంది.

"రిజిస్టర్లో ఒకటుంది, మీరొకటి రాశారు మాస్టారూ. ఎప్పుడో ఒకరోజు ఆ రెండూ ఒకే బల్ల మీదకొస్తాయండి. ఆరోజు ఈ కుర్రాడి పక్కన ఎవరుంటారండి?"

"నేనుంటానండి, మీరు వేయండి," అన్నాను.

ఆయన స్టాంపు వేశారు. మేం రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. కరుణాకర్ రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడు, ఆ మీదట జాతీయ జూనియర్ క్యాంపుకు కూడా వెళ్లాడు. నాకు కాఫీ ఇప్పించారు. ఫారంలోని తేదీ ఢిల్లీలో ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఫైల్లోకి చేరింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో మాత్రం రిజిస్టరులోని అసలు తేదీయే పడింది.

ఆ సీజన్

కొన్నేళ్ల తర్వాత, తొంభైల చివర్లో, కరుణాకర్ కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బులో ఆడుతున్నాడు. ఆ ఏడు వాళ్ల క్లబ్బుకు ఆసియా క్లబ్బుల పోటీలో ఆడే అవకాశం వచ్చింది. ఒక్కో దేశంలో గెలిచిన క్లబ్బులు ఆడే పోటీ అది. ఒక్కో జోడీ రెండు మ్యాచ్‌లు ఆడాలి. ఒకటి వీళ్ల ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. రెండింటి గోల్సూ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లు పై రౌండుకు వెళ్తారు.

మొదటి రౌండు నేపాల్ క్లబ్బుతో. ఖాట్మండులో ఒక గోలు, కలకత్తాలో మూడు గోల్స్. మూడింటిలో రెండు కరుణాకర్ వేసిన బంతులకే. నేపాల్ వెళ్లడానికి మనవాళ్లకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఫెడరేషన్ ఇచ్చిన పేర్ల జాబితా సరిపోయింది. ఆ రౌండులో అందుకే ఎవరికీ ఏమీ తెలియలేదు.

రెండో రౌండు బ్యాంకాక్ క్లబ్బుతో. మొదటి మ్యాచ్ కలకత్తాలో. ఒకటి సున్నాతో గెలిచారు. ఇంగ్లీషు పేపర్లో లోపలి పేజీలో నాలుగంగుళాల వార్త, అందులో రెండుచోట్ల కరుణాకర్ పేరు. లైబ్రరీలో ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకు గుచ్చాను. ప్రార్థనలో చదివించాను. మా రేవు బురదలో తన్నిన కాలు ఆసియాలో ఆడుతోందని పిల్లలకు రెండుసార్లు చెప్పాను. ఆరోజు నాకంటే సంతోషంగా ఉన్నవాడు జిల్లాలో ఉండడు.

ఆ వారమే స్కూలుకు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు కరుణాకర్ ఫోన్ చేశాడు. బూత్ అతను నన్ను పిలిపించాడు.

"మాస్టారూ, పాస్‌పోర్టు వచ్చిందండి. పదో తరగతి సర్టిఫికెట్ పెట్టి క్లబ్బువాళ్లే తొందరగా తెప్పించారండి. ఎల్లుండి బ్యాంకాక్ ఎళ్తున్నామండి."

"జాగ్రత్తరా. అన్నం దొరుకుతుందో లేదో అక్కడ. నాకింకా మూడేళ్లే సర్వీసు. తర్వాత నీ మ్యాచ్‌లన్నిటికీ కలకత్తా వచ్చి కూర్చుంటాను."

"రండి మాస్టారూ. టికెట్టు నేను తీస్తానండి."

పదో తరగతి సర్టిఫికెట్ అన్న మాట వాడు చెప్పాడు, నేను విన్నాను. అందులోని తేదీ, ఫారంలోని తేదీ ఒకటి కాదని తెలిసిన మనుషులం భూమ్మీద ఇద్దరమే మిగిలాం, వాడూ నేనూ. నాకు తట్టలేదు. నోటీసు బోర్డు దగ్గరకు వెళ్లి ఆ ముక్క ఇంకోసారి చదువుకున్నాను.

తర్వాత జరిగింది వాడు ఇంటికి వచ్చాక చెప్పాడు. మ్యాచ్‌కు ముందురోజు హోటల్లో పోటీ అధికారులు ఒక బల్ల మీద అందరి పాస్‌పోర్టులూ పెట్టించారు. పక్కన ఫెడరేషన్ పంపిన జాబితా పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశారు. "నాది చూసి పక్కన పెట్టారండి. మళ్లీ చూశారండి. మా మేనేజర్ని పిలిచారండి. నన్ను బయటికెళ్లి కూర్చోమన్నారండి." పాస్‌పోర్టులో ఒక పుట్టినరోజు, జాబితాలో ఒకటి. మధ్యలో సరిగ్గా రెండేళ్లు.

మర్నాడు మ్యాచ్ వాడు గ్యాలరీలో కూర్చుని చూశాడు. వాడి స్థానంలో ఆడిన అతను వేరేచోట ఆడటానికి అలవాటు పడ్డవాడు. ఎదుటివాళ్లు రెండు గోల్స్ కొట్టారు, మనవాళ్లు ఒక్కటీ కొట్టలేదు. రెండూ వాడు ఆడాల్సిన ఎడమ పక్కనుంచే వచ్చాయి. రెండు మ్యాచ్‌లూ కలిపితే ఒకే ఒక్క గోలు తేడాతో క్లబ్బు పోటీ నుంచి పోయింది. ఆ ఏటి సీజన్ అంతటితో సరి. పేపర్లో వచ్చిన ముక్కను ఈసారి నేను కత్తిరించలేదు.

ఉత్తరం

క్లబ్బు కార్యదర్శి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాడు. అప్పటికి మాకు కొత్త హెడ్మాస్టరు, రామరాజుగారు. నన్ను పక్కన నిలబెట్టుకునే మాట్లాడారు. విషయం ఇది: ఫెడరేషన్ విచారణ జరుపుతుంది. వయసు తప్పు రాసింది ఫలానా వ్యక్తి, కుర్రాడికి సంబంధం లేదు అని స్కూలు రాసిస్తే, ఆ వ్యక్తి ఒప్పుకుంటే, కరుణాకర్‌ను హెచ్చరించి వదిలేస్తారు. లేకపోతే తప్పు కుర్రాడిదే అవుతుంది, ఎందుకంటే ఫారం కింద వాడి సంతకం ఉంది.

ఫోన్ పెట్టేసి రామరాజుగారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆ ఫారం మీద సంతకం చేసిన హెడ్మాస్టరుగారు రిటైరైపోయారు. నింపింది ఎవరో నేనడగనండి. స్టాంపు వేసిన సత్యంగారు పోయి రెండేళ్లయింది. పోయినాయన్ని ఎవరూ సస్పెండు చెయ్యరు కదండి. మీకు చూస్తే ఇంకా మూడేళ్లుంది. ఆలోచించుకోండి."

ఆయన చెప్పారు కాబట్టి చేశానని అనను. ఆయన తలుపు తీసి పట్టుకున్నారు, లోపలికి నడిచింది నేను. నా ఇంట్లో రోగులు లేరు. తీర్చాల్సిన అప్పులు లేవు. పిల్లలు స్థిరపడ్డారు. చెప్పుకోవడానికి ఒక్క సాకు కూడా లేదు. ఉట్టి భయం. ముప్పై ఏళ్లుగా విజిల్ ఊదుతూ పిల్లల్ని భయపడొద్దని అరిచిన మనిషిని, సస్పెన్షన్ అనే ఒక్క మాటకు లొంగిపోయాను. ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారోనన్నది దానికి తోడు.

ఉత్తరం నేనే రాశాను. వయసు దగ్గర పొరపాటు గుమాస్తా వల్ల జరిగిందని, సదరు గుమాస్తా ఇప్పుడు జీవించి లేడని రాశాను. తప్పని చెప్పిన ఒకే ఒక్క మనిషి మీద ఆ తప్పును రాశాను. రామరాజుగారు సంతకం పెట్టారు. ఆ నెలలో సత్యంగారి భార్య ఏదో కాగితం కోసం ఆఫీసుకు వస్తే, నేను ఎండలో గ్రౌండులోకి వెళ్లి, ఎవరూ లేని గోలుపోస్టుల దగ్గర నిలబడ్డాను.

ఢిల్లీలో ఆ ఉత్తరాన్ని ఎవరూ లెక్కచేయలేదు. పోయిన మనిషిని అడగడానికి లేదు. ఉన్నవాడు కరుణాకర్. వాణ్ణి పిలిచి అడిగారు. ఫారం ఎవరు నింపారో తనకు తెలియదన్నాడు. రెండేళ్లు ఆడకూడదన్నారు. క్లబ్బు వాణ్ణి వదిలేసింది.

వాడు ఇంటికి వచ్చాక ఒకసారి స్కూలుకు వచ్చాడు. పిల్లలు చుట్టూ మూగారు. బ్యాంకాక్ ఎలా ఉందని అడిగారు. హోటలు గురించీ విమానం గురించీ చెప్పాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. వాడికి ఆ ఉత్తరం సంగతి తెలియదనుకున్నాను. తెలియకూడదనే కోరుకున్నాను. రెండేళ్లు గడిచాక కలకత్తా వెళ్లి రెండు మూడు చిన్న క్లబ్బుల్లో ప్రయత్నించాడు. ఆట లేక మోకాలు బిగిసిపోయింది. అప్పటికి పాతికేళ్లు. ఎవరూ తీసుకోలేదు. కాకినాడ హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేరాడని విన్నాను. పడవలకు ఐసు ఎక్కించే పని.

రిటైరయ్యాక

రిటైరైన మరుసటి వారం ఢిల్లీకి ఉత్తరం రాశాను. ఫారం నింపింది నేను, సత్యంగారు కాదు, కుర్రాడు కాదు అని పేరూ సంతకంతో రాశాను. రెండు నెలలకు నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. ఆ ఆటగాడు ప్రస్తుతం ఏ క్లబ్బులోనూ లేడు కాబట్టి విషయం ముగిసిందట. దానివల్ల నాకేమీ కాలేదు. కాదని తెలిసే రాశాను. నిజం చెప్పడంలో ఇంతకంటే సులువైన పద్ధతి లేదు, ఇంతకంటే నీచమైనదీ లేదు.

మీకు నేను చెప్పగలిగే వృత్తి రహస్యం ఇంతే. ఫారాలు నింపేటప్పుడు మీకు మంచి కారణాలు ఉంటాయి. ఆ కారణాలు విచారణ రోజున మీ పక్కన నిలబడవు. మీరూ నిలబడరు. నిలబడతానని నేనూ అనుకున్నాను.

ఇంకొక్కటి ఉంది. అది రాయకుండా ఆపేద్దామనుకున్నాను.

నిరుడు సఖినేటిపల్లి వెళ్లడానికి రేవులో పంటు ఎక్కాను. పంటు కదిలాక చూస్తే పక్కనే శాంతమ్మ. ఏరు దాటేదాకా దిగిపోవడానికి వీలుండదు. లేకపోతే నేను దిగిపోయేవాణ్ణే.

"కరుణ ఎలా ఉన్నాడమ్మా?"

"బానే ఉన్నాడండి. ఐసు ఫ్యాక్టరీలోనేనండి. మోకాలు నెప్పంటాడు, మానడు."

ఏదో ఒకటి చెప్పాలని, "నేను ఢిల్లీకి రాశానమ్మా, ఆ ఫారం నేనే నింపానని," అన్నాను.

"ఎప్పుడండి?"

"రిటైరయ్యాక."

ఆవిడ నీళ్ల వైపు చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"వాడికి తెలుసు కదండి ఆ ఫారం మీరు రాశారని. వాడి ముందే రాశారంట కదండి. ఢిల్లీలో కూర్చోబెట్టి, ఎవరు రాశారో పేరు చెప్పు, నిన్ను వదిలేస్తామన్నారంటండి. తెలీదన్నాడంట. నేను తిట్టానండి వాణ్ణి. నీ నోట్లో నాలిక లేదా, మాస్టారి పేరు చెప్పొచ్చు కదరా అన్నాను. మాస్టారికి ఇంకా మూడేళ్లు సర్వీసుందమ్మా, నేను చెబితే పీకేస్తారు, ఆయనే చెప్తార్లే అన్నాడండి."

ఆవిడ సంచీ కాళ్ల దగ్గరకు సర్దుకుంది.

"మీరు చెప్తారని రెండేళ్లు చూశాడండి. పోస్టుమాన్ వచ్చే ఏళకి గుమ్మంలోకొచ్చి నిలబడేవోడు. తర్వాత కాకినాడ ఎల్లిపోయాడండి."

పంటు అవతలి ఒడ్డుకు చేరింది. జనం లేచారు. శాంతమ్మ సంచీ తీసుకుని, "వస్తానండి మాస్టారూ," అని దిగి వెళ్లిపోయింది.

ఆ మూడేళ్ల సర్వీసూ నేను పూర్తిగా చేశాను. ఆఖరి ఏడు ఒక్క సెలవు కూడా పెట్టలేదు.